మంచులో పిలిచిన పేర్లు

మా ఊరు యారాడలో మంచు పట్టిన పొద్దున సముద్రం ఎటుందో చెవులకి తెలుస్తుంది గాని కళ్ళకి తెలీదు. కొండ కనబడదు. కొండ మీద లైట్‌హౌస్ కనబడదు. దాని వెలుతురు మాత్రం తెల్లగా వచ్చి, కాసేపు ఉండి, పోతుంది. పోర్టులోకి పోవడానికి వరసలో ఆగిన ఓడలు ఎక్కడి నుంచో కూత పెడుతుంటాయి. అలాంటి పొద్దున మనిషి ఏం చేసినా కలలో చేసినట్టే ఉంటుంది. నేను చేసిన పని నిజంగా చేశానా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. పేరు పైడయ్య. ఊళ్ళో ఒడ్డు నుంచి లాగే పెద్ద వల వేసినప్పుడు నాన్న కొండ మీద నిలబడేవాడు. నీళ్ళ రంగు చూసి, చేపల గుంపు ఎటు కదులుతోందో ఎర్ర తువ్వాలు ఊపి కింద పడవకి చెప్పేవాడు. నోటితో మాట్లాడేది తక్కువ. ఇంట్లో ఉప్పు కావాలన్నా చెయ్యే ఊపేవాడు. మా అమ్మ పోతమ్మ పట్నంలో సీతమ్మధార వీధుల్లో చేపలమ్మి గొంతు పెంచుకుంది గనక ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేసేది.

అలాంటి మనిషి ఫుట్‌బాల్ కోచ్ ఎలా అయ్యాడంటే, రెండువేల రెండులో టీవీలో వరల్డ్ కప్ చూసి మా ఊరి కుర్రాళ్ళకి పిచ్చెక్కింది. చందాలేసుకుని బంతి కొన్నారు. నేర్పేవాడు కావాలి. నాన్న పడుచుతనంలో పోర్టులో పడవ నడిపేవాడు. ఓడల్లోంచి దిగిన తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అక్కడ ఖాళీ జాగాలో బంతాట ఆడుతుంటే గోడ మీద కూర్చుని చూసేవాడు. జన్మలో ఒక్కసారి బంతిని తన్నలేదు. కానీ ఊళ్ళో ఆ ఆటని కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షమైంది.

నాన్న నేర్పిన ఆట కూడా వల వేసినట్టే ఉండేది. ఇసకలో మడమతో ఒక్కొక్కడికి ఒక్కో గుండ్రం గీసి, "ఇది నీ సోటు, ఇక్కడుండు" అనేవాడు. "బంతి ఎనకాల లగెట్టకండి. సేప ఎనకాల పడవ లగెడితే సేప దొరుకుతాదేటి? సేప వచ్చీకాడ వల ఉండాల." అంతే, ఇంకో పాఠం లేదు. మేచిల్లో గీత పక్కన నిలబడి తువ్వాలు ఊపేవాడు. గోల్ మీదికి ఎద్దుల్లాగ వచ్చిపడుతున్న వాళ్ళని చూడాలా, తువ్వాలు చూడాలా? ఒకసారి రెఫరీ కూడా తికమకపడి ఆట ఆపేసి, "ఆ పెద్దాయన్ని కూచోబెట్టండి" అని కసిరాడు.

ఓడిపోయారు. స్టీల్ ప్లాంట్ వైపు కాలనీ టీముల మీద ఓడిపోయారు, గాజువాక కుర్రాళ్ళ మీద ఓడిపోయారు, కాళ్ళకి బూట్లు లేని టీము మీద కూడా ఓడిపోయారు. నిజం చెప్పాలంటే మా నాన్నకి ఫుట్‌బాల్ వచ్చో రాదో నాకీరోజుకీ తెలీదు. మా అమ్మ మాత్రం చేపల తట్ట దించుతూ, "ఓర్చినమ్మకు తేటనీరు" అనేది. ఎంతసేపు ఓర్చాలో ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పి చావలేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం మా ఆయన రాము అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. రాము మా మేనత్త కొడుకే. టీముకి కెప్టెన్. వేళ్ళు గబగబా ఆడుతున్నాయి గాని తల ఎత్తట్లేదు. మగాడు తల ఎత్తకుండా పని చేస్తున్నాడంటే లోపల ఏదో ఉంది.

"ఏటి బావా?" అన్నాను.

"రేపు పొద్దున్న పేక్టీసుకి ఎవులం ఎల్లట్లేదే."

నాకు అర్థమైపోయింది. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా అర్థమైపోతుంది.

పడవకి పెద్దని మేం తండేలు అంటాం. కెరటాల మీదికి పడవ తొయ్యాలంటే అందరి భుజాలూ కావాలి. తండేలు మీద నమ్మకం పోతే మా వాళ్ళు తగువుపడరు, పంచాయితీ పెట్టరు, "నువ్వు దిగిపో" అని మొహం మీద అనరు. ఒక తెల్లవారుజామున పడవ తొయ్యడానికి ఎవ్వరూ రారు. అంతే. తండేలు వస్తాడు, ఒక్కడే నిలబడతాడు, తెలుసుకుంటాడు, ఇంటికి పోతాడు. గౌరవంగా చేసే పని అని మా వాళ్ళ ఉద్దేశం. నన్నడిగితే అంత పాడు గౌరవం శత్రువుకి కూడా వద్దు.

మా నాన్న తండ్రి, మా తాత, తండేలే. ఆయనకి అదే జరిగింది. నేను చిన్నపిల్లని. ఎండెక్కాక తాత ఒంటరిగా నడిచొచ్చాడు. సముద్రానికి వీపు పెట్టి గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత బతికినన్నాళ్ళూ అలాగే కూర్చున్నాడు. ఒడ్డుకి మళ్ళీ దిగలేదు. చేప కూర పెడితే కంచం జరిపేసేవాడు. రేపు మా నాన్న కూడా అలాగే వచ్చి కూర్చుంటాడు.

"ఈ ఉపాయం ఎవుడిది?"

"గోల్లో నిలబడీ దొరబాబుది. కానీ అందరం సరే అన్నాం. ఈ ఆయితారం కూడా ఓడిపోతే వచ్చే ఏడు పోటీలకి మన టీముని పిలవరట. మద్దిలపాలెంలో సన్యాసిరాజు మేస్టారు ఉన్నాడు, ఇస్కూల్లో డ్రిల్లు సెప్పీవోడు. ఆయనొత్తానన్నాడు. టీముకి ఇద్దరు పెద్దలుంటే మాత్రం రానన్నాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటోడే."

"అది కాదే. మావ మంచోడే. మంచోడైతే గోల్స్ ఆగుతాయేటి? ఎన్నాళ్ళు ఆగమంతావు?"

జవాబు లేనప్పుడు నాకు నోరు ఇంకా లేస్తుంది. "మనువాడిన కాడ్నించి నువ్వొక్క పని తిన్నగా సేసినావేటి? దీపం బుడ్డిలో కిరసనాయిలు పొయ్యమంటే నేల మీద పోస్తావు. నిన్ను మార్సీసి ఇంకో మొగుణ్ణి తెచ్చుకున్నానేటి నాను? సెప్పు!"

రాము నవ్వలేదు. అప్పుడే నాకు నిజంగా భయమేసింది. నాన్నకి చెప్పేద్దామా అని పక్కనే ఉన్న మా పుట్టింటి గుమ్మం దాకా వెళ్ళాను. నాన్న పొద్దున్నకి తువ్వాలు ఉతికి దండెం మీద ఆరేసుకుంటున్నాడు. ఏం చెప్పను? వెనక్కి వచ్చేశాను.

తెల్లవారేసరికి మంచు. వీధిలో పక్కిల్లు కూడా లేదు. నాన్న దగ్గు వినబడింది, తలుపు చప్పుడు, ఇసకలో అడుగులు. రాము గోడ వైపు తిరిగి పడుకునున్నాడు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గాని నిద్ర నటించేవాణ్ణి బ్రహ్మదేవుడు కూడా లేపలేడు. "ఉండు, వచ్చి నీ సంగతి సూత్తాను" అని కొంగు దోపుకుని నాన్న వెనకాలే నడిచాను.

ఒడ్డున బోర్లించిన పడవలు మంచులో పడుకున్న పశువుల్లాగ ఉన్నాయి. వాటి వెనక నిలబడ్డాను. రెండు తెడ్లు పాతి చేసిన గోల్ లీలగా కనిపిస్తోంది. నాన్న ఎప్పుడూ నిలబడే ఇసక దిబ్బ మీద నిలబడ్డాడు. తువ్వాలు ఒకసారి ఎత్తాడు, ఎవరికి కనిపిస్తుంది గనక అనుకున్నట్టు దించేశాడు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. లైట్‌హౌస్ వెలుతురు ఆయన మీదుగా వెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది. ఇంక తిరిగి నడుస్తాడు, ఇంటికెళ్ళి వీపు పెట్టి కూర్చుంటాడు అనుకున్నాను.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"రామూ!"

నాన్న గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

"ఒరే రామూ! మేనల్లుడని కాదు, అల్లుడని కాదు. నీ కాళ్ళు బలే కాళ్ళురా. నువ్వు పక్కనోడికి బంతిచ్చినప్పుడు నాను లోపల్లోపల సంబరపడిపోతాను. పైకి సెప్పడం నాకు రాదు. నీ సోటులోకి రారా."

ఎవరికి చెప్తున్నాడు ఈయన? ఖాళీ ఇసకకి! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే పడవ చాటు నుంచి బయటికి నడిచాను. మా అరుగు మీంచి రోజూ చూస్తాను గనక రాము గుండ్రం ఎక్కడో నాకు తెలుసు. వెళ్ళి అందులో నిలబడ్డాను. మంచులో నాన్నకి ఒక నీడ కనిపిస్తే చాలు. నోరు తెరిస్తే దొరికిపోతానని ఒకసారి చప్పట్లు కొట్టాను.

"వచ్చినావా," అన్నాడు నాన్న.

అప్పుడు ఎవరో నా భుజం తట్టారు.

"తప్పుకోయే. ఇది నా సోటు."

రాము! తొందరలో నిక్కరు మీద నిక్కరు తొడుక్కుని, జుట్టు రేగిపోయి.

"నువ్వెప్పుడొచ్చినావు?"

"నీ ఎనకాలే. నీకు సెవులు నేవేటి?"

"దొంగ మొగమా," అన్నాను. అతను గుండ్రంలోకి వచ్చాడు, నేను తప్పుకున్నాను.

"దొరబాబూ!" అని నాన్న అటు తిరిగి పిలిచాడు. "నువ్వు గోల్లో ఉంటే నాకు వెనక ఇల్లున్నట్టు ఉంటాదిరా. బంతి పోతే పోయింది. నువ్వు బెంగెట్టుకుని అన్నం మానేత్తన్నావని మీ అమ్మ సెప్పింది. అన్నం తినాల."

వాడెక్కడొస్తాడు, ఉపాయం చెప్పిందే వాడు! నేను గోల్ వైపు పరిగెత్తాను. తెడ్ల మధ్య చోటు ఖాళీగా లేదు. అంత పొడుగు మనిషి, చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చినావక్కా?" అన్నాడు సిగ్గుపడుతూ.

"నువ్వెందుకొచ్చినావో అందుకే."

నాన్న ఒక్కో పేరూ పిలుస్తూనే ఉన్నాడు. ఒకడి ఎడమ కాలి గురించి, ఒకడి నవ్వు గురించి, కిందపడ్డ అవతలివాణ్ణి లేపిన ఒకడి చెయ్యి గురించి. ఇన్ని నెలలూ తువ్వాలు వెనక ఇన్ని మాటలు దాచుకున్నాడు ఈ పెద్దమనిషి. పిలిచినప్పుడల్లా పడవల చాటు నుంచి ఒకడు, వల కుప్ప వెనక నుంచి ఒకడు మంచులోంచి నడిచొచ్చారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే దొంగతనంగా చూడ్డానికి వచ్చామనుకున్నారట. రాకుండా ఉందామని ఒట్టు పెట్టుకున్న వాళ్ళంతా అక్కడే ఉన్నారు. పిలవకపోతే ఆ చాటునే ఉండి, ఆయన వెళ్ళిపోవడం చూసి, తలలు దించుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు.

మంచు పలచబడింది. గుండ్రాలన్నీ నిండి ఉన్నాయి. నాన్న కాసేపు అటూ ఇటూ చూసి తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. "ఆడండి," అన్నాడు.

ఆ పొద్దున ఆడిన ఆట నేను మరిచిపోలేను. ఎవరూ పరిగెత్తలేదు. బంతి మంచులోంచి వచ్చేది, కాలు దగ్గర ఆగేది, మళ్ళీ మంచులోకి పోయేది. అరుపుల్లేవు. నాన్న చెప్పింది ఇదా, ఇదే అయితే ఎంత బాగుంది అనిపించింది. మేచిలో పనికొస్తుందా లేదా అని ఆ కాసేపూ నాకు పట్టలేదు.

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోశాను. ఆగలేక అడిగేశాను.

"నాన్నా, అక్కడ ఎవులూ నేరని నీకు తెలీదేటి?"

"గుండ్రాల కాడ అడుగులు నేవు కదమ్మా ఇసకలో. దిబ్బ ఎక్కకముందే తెలిసిపోయింది."

"మరెందుకు తిరిగి రానేదు?"

నాన్న రెండో కాలు ముందుకి పెట్టాడు.

"మా నాన్న పడవ కాడ ఒక్కడూ నిలబడ్డ పొద్దున్న నాను కొండ మీదున్నాను. అంతా పైనించి సూసినాను. పడవల సాటున, తోపులో, ఆయన జట్టోళ్ళందరూ ఉన్నారమ్మా. సూత్తన్నారు. ఒక్క పేరెట్టి పిలిస్తే ఒక్కడైనా బయటికొచ్చును. నాను తువ్వాలు ఊపినాను, ఊపినాను. మా నాన్న పైకి సూడనేదు. ఎవుల్నీ పిలవనేదు. పౌరుషం." నీళ్ళు పొయ్యమని చెయ్యి ఊపాడు. "నాకు పౌరుషం సాల్నేదు, అంతే."

చెంబు నా చేతిలో ఉండిపోయింది. అమ్మ లోపల్నుంచి "నీళ్ళన్నీ గుమ్మంలో పోసేత్తన్నావేటే" అని అరిచేదాకా నాకు తెలియలేదు.

సన్యాసిరాజు మాస్టారికి రాము కబురు పెట్టాడు, మా పెద్దాయన పక్కన కూర్చునే పనైతే రండి అని. ఆయన రాలేదు. ఆయన తప్పేమీ లేదు.

ఆదివారం మేచి కూడా ఓడిపోయారు. వచ్చే ఏడాది పిలుపు సంగతి దేవుడెరుగు. మర్నాడు మంచు లేదు, ఎండ ఫెళ్ళున కాసింది, ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి కనిపిస్తోంది. అందరూ ముందే వచ్చి గుండ్రాల్లో నిలబడి ఉన్నారు. నాన్న తువ్వాలు భుజం మీదే ఉంచుకుని, ఒక్కొక్కణ్ణీ పేరెట్టి పిలిచాడు.