ముందు ఖాళీ చూపించండి

నేను ఒక ఇత్తడి కొలకర్రను. జానెడు పొడవు, రెండు కొక్కేలు. ఒకటి కదలదు, ఒకటి జరుగుతుంది. రెంటి మధ్యా మనిషి ముక్కు పెట్టి, జరిగేదాన్ని ఆనించి, నా వీపు మీది గీతలు చూసి అంకె రాసుకుంటారు. గీతకొక మిల్లీమీటరు. చదువుకున్నవాళ్ళు నన్ను కాలిపర్ అన్నారు. కొండమీదివాళ్ళు ముక్కుపటకారు అన్నారు. రెండో పేరే నాకు నప్పింది.

పుట్టింది సముద్రాల అవతల, గడియారాలు చేసే ఒక ఊళ్ళో. నన్ను చేసిన ముసలాయన కొక్కేలు మూసి, కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. సున్నా దగ్గర వెంట్రుకంత సందు కూడా లేదు. తృప్తిగా తోలుపెట్టెలో పడుకోబెట్టాడు. నన్ను ఖాళీగా చూసిన మొదటి మనిషి ఆయన. రెండో మనిషి కోసం తొంభై ఏళ్ళ దాకా ఆగాల్సి వచ్చింది.

నన్ను కొన్న దొరకి ఒక నమ్మకం ఉండేది. ముక్కు ఎంత వెడల్పైతే మనిషి అంత వెనకబడ్డవాడని. ఆ నమ్మకాన్ని రుజువు చేసుకోవడానికి నన్ను తీసుకుని శ్రీకాకుళం కొండలెక్కాడు. ఎక్కేటప్పుడు ఘాటీ దారి మలుపులో బండి ఒరిగి, పెట్టె రాళ్ళ మీద పడింది. కదలని కొక్కెం లోపలికి రవ్వంత వంగింది. అప్పటినుంచీ సున్నా రాకముందే నా కొక్కేల కొనలు తగిలేవి. ఖాళీగా మూసినా మూడు గీతలు చూపించేదాన్ని. అంటే నా దగ్గరికొచ్చిన ప్రతి ముక్కుకీ ఉన్నదానికన్నా మూడు ఎక్కువ. దొర చూడలేదు. అంకెలు ఆయన నమ్మకం వైపే పెరుగుతుంటే చూడాలని ఎందుకనిపిస్తుంది?

కొలిచి అస్సాం తేయాకు తోటలకి తోలేస్తారని జనం అడవిలో దాక్కున్నారు. బంట్రోతులు పట్టుకొచ్చి వరసలో కూర్చోబెట్టారు. నేను చల్లగా తగలగానే ఒక్కొక్కరు ఊపిరి బిగబట్టేవారు. ఆ వణుకు నా ఇత్తడిలోకి దిగింది. దొర రిజిస్టరులో రెండు వందల పదకొండు మంది ఉన్నారు. అందరికీ నంబర్లే, పేర్లు లేవు. పేరు ఒక్కటే ఉంది, అట్ట మీద, దొరది. అన్ని ముక్కులు కొలిచినవాడు తన ముక్కు ఒక్కసారీ కొలుచుకోలేదు.

దొర వెళ్ళిపోయాక నేనూ రిజిస్టరూ ఒక విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగానికి చేరాం. దేశం చేతులు మారింది. నా పని మారలేదు. ప్రతి ఏడూ ప్రాక్టికల్ పరీక్షనాడు గిరిజన హాస్టల్ నుంచి ఒకరిని పిలిపించి బల్లముందు కుర్చీలో కూర్చోబెట్టేవారు. టీ, రెండు బిస్కట్లు ఇచ్చేవారు. పాతికమంది విద్యార్థులు వంతులవారీగా ఆ ఒక్క ముక్కే కొలిచేవారు. ఎవరికీ తప్పనిపించలేదు. అలవాటైన బాటలో ముళ్ళు కనపడవు.

మొన్నీమధ్య పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వలసపాలన వాసనలు విభాగాల్లోంచి తీసేయాలని. మూడు సమావేశాలు పెట్టారు. గోడ మీది దొర ఫొటో తీసి స్టాఫ్ రూములో పెట్టారు. ప్రాక్టికల్ పేరు 'జాతి కొలతలు' నుంచి 'మానవ వైవిధ్యం'గా మార్చి బోర్డు రాయించారు. బోర్డు కింద కుర్చీ అదే, కొలకర్ర నేనే. నాకు పెట్టెలో కుదురు లేకుండా పోయింది.

ఆ ఏడు పరీక్షకి బయటినుంచి నాగరత్నమ్మ గారనే పరీక్షాధికారి వచ్చారు. హాస్టల్ నుంచి రావలసిన పిల్లకి జ్వరం. అటెండరు పైడయ్య ఆ కబురు చెప్పేసరికి విభాగం పెద్ద సోమనాథం గారు గది కలయజూశారు.

"దానికేముంది, మన ఇందిర ఉందిగా. రామ్మా, కూర్చో. నీ వంతు చివర్లో పెడదాం."

తోయక ఇందిర జాతాపు తెగ పిల్ల. సీతంపేట వైపు కొండల్లోంచి వచ్చి ఎం.ఏ. చదువుతోంది. ఆ తరగతిలో ఆమె కూడా విద్యార్థే. ఈ పరీక్షకి యాభై మార్కులు. అవి పోతే పట్టా పోయినట్టే. ఆమె లేచి నిలబడింది గానీ కుర్చీ దగ్గరికి వెళ్ళలేదు.

"సార్, ముందు ఖాళీ చూపించండి."

"ఏం ఖాళీ?"

"ఆ కాలిపర్ ఖాళీగా ఎంత చూపిస్తాదో చూపించండి. మా అవ్వ సంతలో చింతపండు తూయించే ముందు షావుకారిని అదే అడుగుతాది. ఖాళీ త్రాసు చూపించందే బుట్ట దించదు."

"ఓలమ్మో, సంతకొచ్చేననుకుంటోంది!" వెనక ఎవడో అన్నాడు. నవ్వులు.

నాగరత్నమ్మ గారు నవ్వలేదు. నన్ను తీసుకుని కొక్కేలు మూశారు. కళ్ళజోడు పైకెత్తి చూశారు. ఇంకోసారి చూశారు.

"మూడు చూపిస్తోందండీ, సోమనాథం గారూ."

దొర రిజిస్టరులోని అంకెల మీదే ఎనిమిది మంది డాక్టరేట్లు పొందారు. అందులో సోమనాథం గారొకరు. ఆయన నన్ను అందుకుని బల్లమీద పెట్టారు.

"కొత్తది తెప్పిద్దాం. ఇవాళ్టికి వచ్చినదాంట్లోంచి మూడు తీసేసి రాయండి. కూర్చోమ్మా."

"మూడు తీసేస్తే సరిపోద్దా సార్?" ఇందిర నిలబడే అడిగింది. "త్రాసు బాగుంటే మా అవ్వ సరుకు అమ్ముతాది. నేను అమ్మడానికి రాలేదు. చదువుకోడానికి వచ్చాను."

"మార్కులు పోతాయి. తెలుసా?"

"తెలుసు సార్."

ఆమె కూర్చోలేదు. ఆమె మానేసిన కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. నవ్వినవాడు కూడా. తన ముక్కు దగ్గరికి వచ్చేసరికి కొలత ఏమిటో ఒక్కొక్కడికీ తెలిసివచ్చింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక సోమనాథం గారు ఒక్కరే గదిలోకి వచ్చి తలుపు జారవేశారు. నన్ను తీసి అటూ ఇటూ తిప్పారు. అద్దం ముందు నిలబడి తన ముక్కుకి ఆనించుకున్నారు. ఊపిరి బిగబట్టారు. అదే వణుకు, నాకు బాగా తెలిసిన వణుకు. అంకె చూశారు. ముక్కు వెడల్పుని బట్టి మనుషుల్ని మెట్లుగా పేర్చిన దొర పట్టికలో ఆ అంకె ఏ గడిలో పడుతుందో ఆయనకి కంఠతా వచ్చు. నన్ను బల్లమీద పెట్టి, అదే కుర్చీలో కూలబడి, చాలాసేపు ముక్కు రుద్దుకుంటూ కూర్చున్నారు.

ఇందిర మార్కుల సంగతి నాగరత్నమ్మ గారు తేల్చారు. "వాడేముందు పనిముట్టు ఖాళీ చూసుకోవాలని మీ ప్రాక్టికల్ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఇరవై అయిదు మందిలో ఆ పని చేసింది ఈ పిల్లొక్కతే" అన్నారు. సోమనాథం గారు సంతకం పెట్టారు. ఆ పై వారం ఆ ప్రాక్టికల్ ఎత్తేశారు. పేరు మార్చడం కాదు, ఎత్తేశారు. దాని స్థానంలో పిల్లలు రిజిస్టరు పట్టుకుని ఊళ్ళకి వెళ్ళి, నంబర్లకి పేర్లు వెతకాలి. వెళ్ళినచోట ఎవరినీ ఏమీ కొలవకూడదు.

నెల తిరక్కుండా ఇందిర వాళ్ళ అవ్వ సింగమ్మని వెంటబెట్టుకొచ్చింది. రిజిస్టరులో అరవై మూడో నంబరు ఎదురుగా, ఆమె పుట్టింటి ఊరి పేరు, 'ఎడమ చెవి తమ్మె లేదు' అని ఉంది.

"ఎలుగొడ్డు కొరికీసింది" అంది సింగమ్మ. "మా అయ్యే. లక్కన్న."

ఇందిర నన్ను ఆమె చేతిలో పెట్టింది. మోటు చెయ్యి, వెచ్చగా ఉంది. తిప్పి చూసింది.

"ఇదేనేటే అమ్మీ? ఇంతోటి దానికేనేటి?" నన్ను బల్లమీద పెట్టి మళ్ళీ అంది, "కొత్తోళ్ళెవులొచ్చినా మా అయ్య తువ్వాలు ముక్కుకి అడ్డమెట్టుకునీవోడు. సచ్చీదాకా. కంపు కొడతన్నామనుకుని ఆళ్ళెల్లిపోయీవోళ్ళు. ఎందుకలాగెట్టుకుంటావని అడిగితే సెప్పీవోడు కాదు."

సోమనాథం గారు కలం తీసి, అరవై మూడు పక్కన లక్కన్న అని రాశారు. రాసి, ముసలమ్మకి కుర్చీ జరిపారు. ఆమె ఆ కుర్చీకేసి చూసి, కిటికీ పక్కన నేలమీద కూర్చుంది. ఆయనా నేలమీదే కూర్చున్నారు.

ఇప్పుడు నేను అద్దాలపెట్టెలో ఉన్నాను. కొక్కేలు మూసి, మూడు గీతల దగ్గర. పక్కన రిజిస్టరు తెరిచి ఉంటుంది. ముప్ఫై ఎనిమిది పేర్లు దొరికాయి. తలుపు చప్పుడైనప్పుడల్లా ఎవరి పేరు వచ్చిందోనని ఉలిక్కిపడతాను. ఇంకా నూట డెబ్భై మూడు మంది వణుకు నాలోనే ఉంది, పిలవడానికి పేరు లేకుండా. నిమ్మళం ఎక్కడిది?

మొన్న చూడవచ్చిన ఒకాయన అద్దం మీదికి వంగి, లక్కన్న ముక్కు ఎంత వెడల్పు వచ్చిందని అడిగాడు. ఆ గడి మీద ఇందిర ఒక కాగితం ముక్క అతికించింది. రిజిస్టరు చెప్పదు.

నాకు తెలుసు. నేనూ చెప్పను.