ఆటకి ముప్పై మూడు

హోలిస్ బర్డెట్ ఉద్యోగం పోయింది నేను రాసిన ఒక పేజీ వల్ల. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కనీసం ఒక్కటైనా ఉంటే నా తప్పు ఇదీ అని వేలు పెట్టి చూపించడం తేలికయ్యేది.

నేను మెరిడెత్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. శనివారాల్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్‌కి, లెక్కలు రాసిపెట్టేవాణ్ణి. స్టేడియం పైన అద్దాల గదిలో, వెలిగీ వెలగని హీటర్ పక్కన కూర్చుని, బంతి ఎక్కడ మొదలైంది, ఎన్ని గజాలు కదిలింది, ఎవరి చేతిలో ఆగింది అని ప్రతి ఎత్తూ రాసుకునేవాణ్ణి. అయోవా రాష్ట్రంలో మాలాంటి ఊళ్లలో మొక్కజొన్న కోతలు అయిపోయాక జనానికి మాట్లాడుకోడానికి ఆ ఆట తప్ప ఇంకేం మిగలదు.

బంతి మన చేతిలో ఉన్నప్పుడు దిగే పదకొండు మంది వేరు, అవతలివాళ్లని అడ్డుకోడానికి దిగే పదకొండు మంది వేరు. అడ్డుకునేవాళ్లకి, అంటే డిఫెన్స్‌కి, కోచ్ హోలిస్. పందొమ్మిదేళ్లుగా అదే పని. అరవై దాటినా పిల్లలతో పాటు మోకాళ్ల మీద కూర్చుని, బురదలో చేతులు పెట్టి కాళ్లు ఎలా తన్నిపట్టాలో చూపించేవాడు. దాడి సంగతంతా హెడ్ కోచ్ రాండల్ టీగ్ తన చేతిలోనే పెట్టుకున్నాడు.

ఆ ఏడు పదకొండు ఆటల్లో మూడే గెలిచాం. అవతలివాళ్లు మా మీద ఆటకి సగటున ముప్పై మూడు పాయింట్లు కొట్టారు. లీగ్‌లో పది జట్లుంటే, ఇచ్చుకోడంలో మాదే పై చెయ్యి. హోలిస్ కాఫీ షాపులోకి అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు.

"ఏం హోలిస్, మీవాళ్లు గేటుకి తాళం వెయ్యడం మర్చిపోయారా, అసలు గేటే పెట్టలేదా?"

"గేటు ఉందయ్యా, నువ్వొచ్చి కాపలా కాస్తానంటే ఇప్పుడే చొక్కా ఇస్తా" అని నవ్వేవాడు. నవంబరు వచ్చేసరికి ఆ జవాబు కూడా మానేశాడు. కాఫీ కప్పులో పోయించుకుని వెళ్లిపోయేవాడు.

ఆఖరి ఆట అయిన సోమవారం టీగ్ నన్ను పిలిచాడు. కాలేజీ బోర్డు సమావేశం ఉందని, దాడి, డిఫెన్స్, జట్టులో ఏ సగం ఎలా ఆడిందో తేల్చమని అడిగాడు. పద్నాలుగు పేజీలు పట్టుకెళ్లాను. ఆయన రెండో పేజీ దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేంటి ప్రొఫెసర్, డిఫెన్స్‌ది మూడో స్థానమా? ముప్పై మూడు ఇచ్చుకున్నవాళ్లు మూడోవాళ్లెలా అవుతారు?"

"మిగతా జట్ల మీద ఎదుటివాళ్లకి ఆటకి పన్నెండుసార్లు బంతి దొరికితే, మన మీద పదిహేనుసార్లు దొరికింది కోచ్. మనం గబగబా ఆడతాం, గబగబా బంతి వదిలేస్తాం. వాళ్లు ఊపిరి పీల్చుకోకముందే మళ్లీ దిగాల్సొస్తోంది. అందులో ఐదుసార్లు ఎదుటివాళ్లు మన సగంలోనే మొదలెట్టారు. నడిచి వెళ్లేంత దూరం. పైగా ఈసారి మనకి తగిలినవన్నీ గట్టి జట్లే. ఇవన్నీ సరిచేసి చూస్తే హోలిస్ పిల్లలు పది జట్లలో మూడోవాళ్లు."

"మరి నా దాడి?"

"ఎనిమిదో స్థానం."

"ఆటకి ఇరవై ఏడు కొట్టాం. లీగ్ సగటు ఇరవై ఆరు."

"మనకి పదిహేను అవకాశాలకి ఇరవై ఏడు. వాళ్లకి పన్నెండింటికే ఇరవై ఆరు."

టీగ్ కాగితాలు మూసి నా వైపు తోశాడు. ఆయన అరిస్తే బాగుండేది, నాకూ పట్టుదల వచ్చేది. మెత్తగా అన్నాడు: "బోర్డువాళ్లకి ఇంత చదివే ఓపిక ఎక్కడిదయ్యా? ఒక్క పేజీ చాలు. ఆటకి ఎన్ని కొట్టాం, ఎన్ని ఇచ్చాం. కొసరంతా నీ దగ్గరే ఉండనీ. అన్నట్టు, ఆటల లెక్కల మీద కొత్త కోర్సు పెట్టాలంటున్నావు కదా, వాళ్ల చెవిన వేస్తాలే."

ఆ కోర్సు కోసం ఆరేళ్లుగా తిరుగుతున్నాను. పేజీ రాసిచ్చాను. కొట్టింది ఇరవై ఏడు, ఇచ్చింది ముప్పై మూడు, ఇచ్చినదాంట్లో లీగ్‌లో ఆఖరి స్థానం.

గురువారం హోలిస్‌ని తీసేశారు. కాలేజీ ప్రకటనలో "లీగ్‌లో ఆఖరి స్థానం" అన్న మాట నా పేజీలోంచే వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అతను నా గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎల్డన్, నీ దగ్గర ఇంకేమైనా లెక్కలున్నాయా? ఎన్నిసార్లు మా గుమ్మం ముందే మొదలెట్టారో, అలాంటివి?"

పద్నాలుగు పేజీలూ నా మోకాలికి తగిలేంత దగ్గర్లో, సొరుగులో ఉన్నాయి.

"ఆటకి ముప్పై మూడు, హోలిస్. అంకెలు అవే."

అతను తల ఊపాడు. "సరేలే. మావాళ్లు బాగానే ఆడారని నాకనిపించింది. మైదానం పక్కన నిలబడిన కోచ్‌కి అన్నీ తనకి అనుకూలంగానే కనిపిస్తాయి కాబోలు" అని వెళ్లిపోయాడు.

తరవాతి ఏడు నా కోర్సు మొదలైంది, నలభై మంది చేరారు. మైదానంలో మొదటి వారమే దాడిని నడిపించే మా క్వార్టర్‌బ్యాక్ భుజం విరిగింది. గత్యంతరం లేక టీగ్ నిదానంగా ఆడించాడు. ఎదుటివాళ్లకి బంతి పన్నెండుసార్లే దొరికింది, వాళ్ల సగటు ఇరవై ఆరుకి దిగింది. కొత్త డిఫెన్స్ కోచ్ బొమ్మ పత్రికలో వేశారు. నేను లెక్కకట్టి చూస్తే, అవకాశానికి ఇన్ని పాయింట్లని హోలిస్ పిల్లలు ఎంతిచ్చారో వీళ్లూ అంతే ఇచ్చారు. ఆ ఏడు ఎదుటి జట్లు బలహీనం కాబట్టి నిజానికి కాస్త ఎక్కువే ఇచ్చినట్టు.

అప్పుడు పాత కాగితాలు జతచేసి కాలేజీ ప్రెసిడెంటుకి ఉత్తరం రాశాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. శ్రద్ధకి కృతజ్ఞతలు, ఆ విషయం ముగిసిపోయింది అని.

హోలిస్‌ని ఏ కాలేజీ తీసుకోలేదు. ఎక్కడికెళ్లినా ముప్పై మూడు అతనికంటే ముందే చేరేది. పక్క ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణంలో రంగులు కలుపుతున్నాడని తెలిసి వెళ్లాను. ఎవరికో లేత పచ్చ రంగు కలిపి, డబ్బా మూత సుత్తితో కొట్టి మూస్తున్నాడు. కాగితాలు అతని ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదివాడు. ఈలోగా ఇద్దరు వచ్చి వెళ్లారు. వాళ్లకి కావలసినవి ఇచ్చి మళ్లీ చదివాడు.

"మూడో స్థానమా?"

"అవును."

"ఆ రోజు నేనడిగినప్పుడు ఇవి నీ దగ్గరే ఉన్నాయా?"

"సొరుగులో ఉన్నాయి."

కోపంతో ఏదైనా విసురుతాడనుకున్నాను. కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు.

"నా సంగతి సరే, నాకెలాగూ వయసైపోయింది. ఆ పిల్లలు, ఎల్డన్. పత్రికలో ఆఖరి స్థానం అని పడ్డాక ఇద్దరు ఆటే మానేశారు. ఒకడు నా వంటింట్లో కూర్చుని, 'మావల్లే మీ ఉద్యోగం పోయింది కోచ్' అని ఏడ్చాడు. వాడికేం చెప్పాలో నాకు తెలియలేదు. సరిగ్గా ఆడలేదురా మీరు అందామంటే, ఆడారు. కళ్లారా చూశాను. బాగా ఆడారురా అందామంటే, చూపించడానికి చేతిలో కాగితం లేదు."

"వాళ్లందరికీ పంపిస్తాను."

"పంపించు. నీ పేరుతో పంపించు, ఎందుకు ఆలస్యమైందో కూడా రాయి." తరవాత, గొంతు పెంచకుండానే అన్నాడు: "నీకు రంగు కావలసొస్తే మీ ఊళ్లోనూ దొరుకుతుంది. ఇక్కడికి రాకు."

పదకొండు ఉత్తరాలు రాశాను. అన్నీ చేత్తోనే రాశాను. రెండు చిరునామా మారిందని వెనక్కొచ్చాయి. ఆరింటికి జవాబు లేదు. ఇద్దరు కృతజ్ఞతలు రాశారు. మిగిలిన ఒకడు, హోలిస్ వంటింట్లో ఏడ్చినవాడే అయ్యుంటాడు, తను చదువు కూడా మానేసి పందుల ఫారంలో పనిచేస్తున్నానని, ఉత్తరం వాళ్లమ్మకి చదివి వినిపించానని రాశాడు. కింద ఇంకో వాక్యం మొదలుపెట్టి, పూర్తిగా కొట్టేశాడు. వెలుతురుకి పట్టి చూసినా నాకు చదవడం కుదరలేదు.