మెట్లు పీకేసిన గోడ

డబ్లిన్‌లో ఆ ఇంటికి మరమ్మతు చేయడానికి నేనూ, వడ్రంగి ఫింటనూ వెళ్లాం. నాది సున్నపు గార పని. ఇల్లు రెండు వందల డెబ్బై ఏళ్ల నాటిది. ఎర్ర ఇటుక, నాలుగంతస్తులు, పైకి పోయేకొద్దీ పొట్టివయ్యే కిటికీలు. మొదట్లో ఒకే ప్రభువు కుటుంబం ఉండేది. తర్వాత కొన్న యజమాని గదికో సంసారాన్ని దించి వంద మందిని కుక్కాడు. ఇంకో రెండు గదులు కలిసొస్తాయని ముందు హాల్లో పెద్ద మెట్లను పీకించి, ఆ ఖాళీలో నేలలు వేయించాడు.

అలా పుట్టిన కింది గదిలో ఒక గోడకి గార పూసి నున్నగా తేల్చాను. మర్నాడు పొద్దున చూస్తే, ఎడమ మూల నుంచి కుడివైపు పైకప్పు దాకా ఏటవాలుగా చార. వేళ్లు ఆనించి ఎవరో నడిచిపోయినట్టు.

"నీ పనేనా?" అన్నాను.

"నాకింకేం పనిలేదనుకున్నావా? అంత ఎత్తు అందాలంటే నిచ్చెన కావాలి. అది నీ వ్యానులోనే ఉంది," అన్నాడు ఫింటన్.

మళ్లీ పూశాను. మళ్లీ చార. ఈసారి ఇటుక దాకా గీకేశాను. పాత మెట్ల చివర్లను గోడలో దూర్చిన గుంటలు అదే వాలులో పైకి పోతున్నాయి. చార వాటికి రెండడుగుల ఎత్తున ఉంది. పెద్దవాళ్ల చెయ్యి అంత కిందికి ఉండదు.

మధ్యాహ్నం కొత్త పూత ముగిస్తుండగా అట్రాక్టా అనే ముసలావిడ వచ్చింది. ఆ గదిలోనే పుట్టిందట, ఒకసారి చూసుకుపోదామని వచ్చింది. నేను గీకి పోసిన పెళ్లల్లో చార చూసింది.

"ఇంకా ఎక్కుతూనే ఉందా?"

"ఎవరండీ?"

"ఎవరి పిల్లో మాకూ తెలీదు నాయనా. తొమ్మిదిమందిమి ఈ గదిలోనే పడుకునేవాళ్లం. అయినా ఆ గోడవార మంచం వేయనిచ్చేది కాదు మా అమ్మ. 'దారి వదలండే, పాపం దాన్ని పోనీండి' అనేది."

"భయం వేసేది కాదా?"

"మా భయమంతా ఇంటి యజమానంటేనే. కానీ ఒకటి... ఎక్కడమే గానీ, అది దిగిన అలికిడి ఎప్పుడూ వినలేదు."

ఫింటన్ నవ్వబోయి ఆగిపోయాడు. తడి గార మీద, మూలన, నాలుగు సన్నని గీతలు పడుతున్నాయి. మా కళ్లెదుటే మెల్లగా పైకి పాకుతున్నాయి. గోడవార అట్రాక్టా నిలబడ్డ చోటికి వచ్చి ఆగాయి.

ఆవిడ పక్కకి జరిగి, "పోవే తల్లీ," అంది.

గీతలు కదిలాయి. పైకప్పులో కలిసిపోయాయి.

ఫింటన్ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. మిగతా గదులు నేనొక్కణ్ణే పూర్తిచేశాను. ఆ గోడకి తేమ పట్టిందని ఇంటివాళ్లకి చెప్పి, చార ఉన్నది ఉన్నట్టే వదిలేశాను.