కబడ్డీ కోర్టు మీద వడ్లు

కోర్టు మీద వడ్లు ఆరబోసింది లింగవ్వే. బుధవారం మధ్యాహ్నం, ఆమె కూలికి వెళ్లే ఆసామి హరనాథబాబు తన వడ్ల ట్రాక్టరు తెప్పించి ఇక్కడ దింపమన్నాడు, ఆమె అక్కడే పరిచింది. నవంబరు వస్తే బాన్సువాడ ఆటస్థలంలో సగం కల్లమే. ఏటా ఇంతే కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు.

శుక్రవారం పది గంటలకు అదే కోర్టులో పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల జిల్లా జట్టు ఎంపిక ఉందని ఆమెకు గురువారం సాయంత్రం తెలిసింది. ముందు బీర్కూర్‌లో పెడదామనుకున్నారు. అక్కడి కోర్టు మీదా వడ్లే ఉన్నాయని ఇక్కడికి మార్చారు.

"కోర్టు లేకుంటే సెలెక్టర్లు వాపస్ పోతరు. మన పిల్లలల్ల ఒక్కదాన్ని గూడ చూడరు," అని వ్యాయామ టీచరు నగేశ్ ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్లాడు.

కూతురు ప్రవళిక ఆ పూట అన్నం ముట్టలేదు. "నువ్వే పోసినవ్ అమ్మా," అంది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు లింగవ్వ పొడవాటి కర్రకు బిగించిన చెక్క పట్టుకుని ఆటస్థలానికి వచ్చింది. రోజూ వడ్లు తిరగేసేది దాంతోనే. ఒక్కతే రాలేదు. ఊరి జట్టులోని పన్నెండు మంది పిల్లల తల్లుల్లో ఆమెతో కలిపి తొమ్మిది మంది వచ్చారు. హరనాథబాబు కులానికే చెందిన రాధాకుమారి తన కూతురు హరిచందన నీళ్ల సీసాను పక్కన పెట్టి చీర ఎగ్గట్టింది.

"నాకు ఈ పని రాదు లింగవ్వా."

"రాకుంటేంది అక్కా! మొగుని మీద కోపమొచ్చిందనుకో. గుంజు."

నవ్వుతూనే లాగారు. మధ్యలోని వడ్లన్నీ నాలుగు పక్కలకు చేరాయి. రెండు వేళ్ల మందం ఉన్నవి జానెడు మందమయ్యాయి. అంత మందంలో అడుగు వడ్లు ఉడుకుతాయి. గంటకోసారి తిప్పేవాటిని పావుగంటకోసారి తిప్పాలి. లింగవ్వ ఒక్కో పక్కకు ఇద్దరిని నిలబెట్టింది, తాను నాలుగు పక్కలా తిరుగుతానంది. తొమ్మిదింటికి నగేశ్ సున్నంతో గీతలు గీశాడు. పదకొండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. పది గంటలకు సెలెక్టర్లు ఇద్దరూ వచ్చారు. వడ్ల నడుమ కోర్టును చూసి కుర్చీల్లో కూర్చున్నారు.

పదీ ఇరవైకి హరనాథబాబు ట్రాక్టరు వచ్చింది. వడ్లు తోసే పలక ముందు బిగించి ఉంది. తోలుతున్నది భీమ్లా. పక్క నుంచి హరనాథబాబు దిగాడు.

"నా వడ్లు ఎవరు లాగమన్నారు?"

"ఎవ్వలనలే సారు. మేమే గుంజినం," అంది లింగవ్వ.

"తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా వెయ్యరు. నిన్న పంతొమ్మిది ఉంది. ఇంత మందంగా పోస్తే ఎట్టా ఆరతాయి?"

"తిప్పితే ఆరుతయి. ఇరవై ఏండ్ల సంది ఇదే పని. నాకు జెప్తరా సారు?"

"ఆటలు వచ్చే ఏడు కూడా ఉంటాయి."

"వచ్చే ఏడు నా బిడ్డకు పద్నాలుగు దాటుతయి. వడ్లంటరా, వచ్చే ఏడు గూడ పండుతయి."

ఆయన ట్రాక్టరు వైపు తిరిగాడు. "భీమ్లా, మధ్యకి తొయ్యి."

భీమ్లా కోర్టు వైపు చూశాడు. బల్ల మీద కూర్చున్న పిల్లల్లో ఆ చివర ఉన్నది అతని కూతురు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. మళ్లీ తిప్పినట్టు చేశాడు.

"స్టార్టయితలేదు సారు."

"ఇప్పుడేగా తోలుకొచ్చావ్?"

"అవ్. అప్పుడైంది."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. సెలెక్టర్లలో ఒకాయన కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

హరనాథబాబుకు అప్పుడు రాధాకుమారి కనిపించింది. మోకాళ్ల దాకా దుమ్ము.

"నువ్వు కూడానా రాధా?"

"నేను కూడానే అన్నయ్యా. పాప ఆడుతోంది. నిలబడి చూడండి."

ఆయన నిలబడలేదు. నేరుగా లింగవ్వ దగ్గరికి నడిచాడు. "రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు."

కోతలు ముగియడానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. అవి పదిహేను రోజుల కూలి. లింగవ్వకు ఆ లెక్క ఆయన చెప్పనక్కర్లేదు. వడ్లలో చెక్క దింపి ఒక సాలు లాగింది.

"రాను సారు. పొద్దుమూకే దాక ఇవి మాత్రం తిప్పుత. నేను పోసినయే గద. ఇగ ఎనుకకు జరుగుండ్రి, గీత మీద నిలవడ్డరు."

హరనాథబాబు కిందికి చూశాడు. చెప్పులకు సున్నం అంటింది. నగేశ్ ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగి ఉన్నాడు. పిల్లలందరూ ఆయన కాళ్ల వంకే చూస్తున్నారు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అది చాల్లేదు. ఇంకో అడుగు వేసి చీలమండల దాకా తన వడ్లలో దిగబడ్డాడు.

ఈల మోగింది. ప్రవళిక మధ్యగీతను చేత్తో తాకి అవతలికి వెళ్లింది. లింగవ్వ చెక్క ఆపలేదు. తల మాత్రం అటే ఉంది.