బోరు నేర్చిన మాటలు

శింగనమల దాటినాక వచ్చే ఆ ఊళ్ళో సిగ్నల్ సరిగా అందదు. కుళ్ళాయప్ప చేలో ఎండిపోయిన బోరు దగ్గర మాత్రం బాగా వస్తుంది. అందుకే సాయంత్రం కాలేజీ బస్సు దిగిన పిల్లలు ఆ బోరు మీది బండ చుట్టూ చేరి, ఫోన్లలో తుపాకుల ఆట ఆడతారు. వాళ్ళ కేకలన్నీ బోరులోకే పోయేవి. నీళ్ళు లేని గొట్టం ఏదో ఒకదానితో నిండాలి కదా! పోయిన వేసవి నుంచి అది మాట్లాడటం మొదలుపెట్టింది. వచ్చినవి ఆ ఆట మాటలే.

"లూట్ లేదు, రొటేట్ అవ్వండి" అందొకసారి.

"ఈడ దొరికేదేమీ లేదు, వేరే చోటికి పోండి అంటాంది" అని ఆ ఆట తెలిసిన కుళ్ళాయప్ప కూతురు లహరి విప్పి చెప్పింది.

"అది చెప్పేకి బోరు కావల్నా?" అని చిన్నాయన ఓబుళేసు నవ్వినాడు.

చెనక్కాయ చెట్లు మాడిపోయినప్పటి నుంచి కుళ్ళాయప్ప ఇంట్లో నోరు విప్పడం లేదు. పిల్లలు వెళ్ళిపోయాక ఒక్కడే వచ్చి, బోరు గొట్టానికి నుదురు ఆనించి ఏదో గొణుక్కునేవాడు. పిచ్చి అన్నారు కొందరు. పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం లేరు.

ఒక పొద్దున బోరు అంది, "నాక్ అయినా. రివైవ్ ఇయ్యండప్పా."

"నాక్ అంటే ఏందే?" అంది తల్లి రామాంజినమ్మ.

"దెబ్బ తిని పడిపోయినట్టు. ఇంకా సావలేదు. మోకాళ్ళ మీద పాకుతాంటారు. జట్టులో ఎవురన్నా వచ్చి చెయ్యేస్తే లేస్తారు. రాకుంటే పోతారు."

"ఇంగేమి! బోరు సావలేదంట!" అని ఎగిరినాడు ఓబుళేసు. "అడగందే అమ్మైనా పెట్టదు. అదే నోరు తెరిచి అడుగుతాంటే ఫ్లషింగ్ లారీ పిల్చకుండా ఉంటామా?"

లారీ వచ్చింది. బోరులోకి గాలి కొడుతుంటే ఊరంతా చుట్టూ మూగింది. గొట్టాన్ని బతికించుకోవడానికి ఎంతమందో! తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ దుమ్ములోంచే బోరు బొంగురుగా అంది, "కంది చేలో ఉండా. ఎవురూ రాలేదు."

"బోరు కంది చేలో ఎట్లుంటాది?" అన్నాడు ఓబుళేసు.

లహరికి అప్పుడు తట్టింది. బోరుకు సొంత గొడవంటూ ఏముంది? నాయన చెప్పుకున్నదాన్ని తనకు వచ్చిన మాటల్లో అప్పజెబుతోంది, అంతే. "అమ్మా, నాయన యాడ?" అంటూనే పరిగెత్తింది.

కంది చేలో కుళ్ళాయప్ప మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎదురుగా పురుగుల మందు డబ్బా, ఇంకా మూత తీయలేదు. లహరి దాన్ని కాలితో తన్నేసి, రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసి అట్లాగే కూర్చుంది. చాలాసేపటికి ఆయన లేచాడు.

లేచినవాడు ఊళ్ళో నిలవలేదు. చేనును బీడు పెట్టి, బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా బయలుదేరాడు. ఆయన ఎక్కిన బస్సు చేను పక్కగా పోతుంటే బోరు "జీజీ" అంది.

"నీళ్ళు పడతాయంటాందా?" ఓబుళేసు ఆశగా అడిగినాడు.

"కాదు చిన్నాయనా. ఆట అయిపోయినాక అంటారు, బాగా ఆడినారని" అంది లహరి, కళ్ళు తుడుచుకుంటూ. "ఓడిపోయినోళ్ళతో గూడా అంటారు."