డాబా మీద పసుపు చీర

మా తమ్ముడు అంకారావు విమానం నడుపుతాడని చెబితే తిరువూరు బస్టాండులో సగం మంది నమ్మలేదు. మిగతా సగం, "మనూరి మీదుగా పోయేటప్పుడు ఓసారి ఆపమను, మామిడికాయల బుట్ట ఎక్కిద్దాం" అని వేళాకోళం చేశారు. నాకు ఒళ్లు మండేది. చివరికి నా నోటికి జడిసి నా ఎదుట అనడం మానేశారు.

అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, నాకు పదహారు. అన్నం కలిపి పెట్టిందీ, అక్షరాలు దిద్దించిందీ నేనే. నా కాపురం కూడా పుట్టింటికి మూడిళ్ల అవతలే. డెబ్బై మూడులో వాడు సరుకుల విమానాల కంపెనీ ఒకదాంట్లో రెండో పైలట్‌గా చేరాడు. గురువారం పొద్దున గన్నవరంలో లేచి నాగపూర్ వెళ్లే విమానం వాడిది. దారి మా ఊరి మీదుగానే.

"పైనుంచి మన డాబా గుర్తుపట్టాలంటే ఎట్లాగక్కా?" అన్నాడొకసారి. ఇక ప్రతి గురువారం నా పెళ్లినాటి పసుపు చీర నాన్న డాబా మీద పరిచి మిరపకాయలో, పప్పో, ఏదో ఒకటి ఎండబెట్టేదాన్ని. ఏమీ లేకపోతే ఉత్త చీరే పరిచేదాన్ని. విమానం చప్పుడు వినబడగానే పని వదిలేసి చెయ్యి ఊపేదాన్ని. వీధిలో వాళ్లు నవ్వితే నవ్వనీ.

మరుసటేడు వైశాఖంలో ఒక గురువారం ఆ విమానం మబ్బు కిందనుంచి తక్కువ ఎత్తులో వచ్చి, మా ఊరు దాటిన కాసేపటికి కొండను గుద్దుకుంది. కెప్టెన్ జగన్నాథరావు గారూ, మా అంకారావూ ఇద్దరూ పోయారు. కొండలు తప్పించుకోవడానికి మా ఊరి దగ్గర కుడివైపు తిరగాల్సిన విమానం తిరగకుండా నేరుగా పోయిందనీ, కెప్టెన్ దారి తప్పాడనీ విచారణలో రాశారు. మా నాన్న బసవపున్నయ్య ఆ కాయితం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "నా కొడుకు తప్పు లేదు" అన్నాడు. ఆ తర్వాతే మళ్లీ కాస్త అన్నం తిన్నాడు.

ఆశ్వయుజంలో కెప్టెన్ గారి భార్య సరోజినీదేవి గారు విజయవాడ బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"విమానం లేచిన పావుగంట దాకా మావారు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడనిచ్చేవారు కాదటండి. ఆఖరికి కారు నడుపుతున్నా సరే, మలుపు దగ్గర నన్ను నోరెత్తనిచ్చేవారు కాదు. అలాంటి మనిషి దారి తప్పాడంటే ఎట్లా నమ్మను? కాలేజీలో మా అమ్మాయిని, కొండకి గుద్దినాయన కూతురు అంటున్నారు. విమానంలో ఎవరి పని ఏంటో మీ తమ్ముడు ఎప్పుడైనా చెప్పాడా అమ్మా?"

"మావాడేం చెప్పలేదమ్మా" అన్నాడు నాన్న వెంటనే.

నాన్నకు చదువు రాదు. తమ్ముడి ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. వాడు పోయాక అందిన ఆఖరి ఉత్తరం మాత్రం సగమే వినిపించాను. ఆ రెండో సగం ఐదు నెలలుగా కొంగున నిప్పు కట్టుకున్నట్టే ఉంది నాకు. చెబితే తమ్ముడు రెండోసారి పోతాడు, నాన్న తినే ఆ నాలుగు మెతుకులూ పోతాయి. చెప్పకపోతే ఈవిడ ఇలాగే బస్సెక్కి వెళ్లిపోవాలి. ఆవిడ చెప్పులేసుకోబోతుంటే నావల్ల కాలేదు. పెట్టెలో పసుపు చీర మడత విప్పి ఉత్తరం తెచ్చి, నిలబడే పైకి చదివాను.

"టైము చూసి మలుపు చెప్పడం నా పని అక్కా. కెప్టెన్ గారు నా మాట కోసమే చూస్తుంటారు. కిందికి చూడకు, గడియారం చూడు అని తిడతారు. నీ చీర ఉండగా నాకు గడియారం ఎందుకు? పసుపు కనబడగానే 'తిరగండి సార్' అంటాను. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు."

నాన్న లేచి నిలబడ్డాడు. "పోయినవాడి మీద తప్పు మోపుతావా? పెంచిన చేతులేనా అవి?"

"వాడిదొక్కడిదే కాదు నాన్నా" అన్నాను.

సరోజినీదేవి గారు ఉత్తరం తీసుకుని మొత్తం చదువుకున్నారు. తలెత్తి నన్ను అడిగారు.

"ఆ రోజు చీర పరవలేదామ్మా?"

"పరిచానండి. గుమ్మడి వడియాలు పెట్టాను. ఇంతలో మబ్బు కమ్మింది. వడియాలు తడుస్తాయని చీరతో సహా ఎత్తుకుని కిందికి వచ్చేశాను. నేను వంటింట్లో ఉండగా విమానం చప్పుడు వినబడింది. డాబా కోసం వెతుక్కుంటూనే పోయుంటాడు."

నాన్న మళ్లీ కూర్చుండిపోయాడు. ఆవిడ ఉత్తరాన్ని సంచిలో పెట్టుకున్నారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎవరైనా అదే చేస్తారమ్మా. వాన బాగా పడిందా ఆ రోజు?"

"లేదండి" అన్నాను. "ఒక్క చినుకు కూడా రాలలేదు."