తుడిచిన పెట్టె

ఆ రక్తపరీక్షల కేంద్రం పక్కవీధికి మారుతోంది. కేంద్రం మరిదిది, బరువు వదినది. ఆమెను అక్కడ పనిచేసేవాళ్లూ వదినగారనే పిలుస్తారు.

బల్లలు విరిగినా అతుక్కుంటాయి, గాజు సీసాలు పగిలినా కొత్తవి వస్తాయి. వదిన బెంగంతా పాత కంప్యూటరు గురించే. ఏళ్ల తరబడి వచ్చిన వాళ్ల రిపోర్టులన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. మొన్న ఒక బస్సు డ్రైవరు తన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇది మా ఇంట్లో కూడా తెలియకూడదమ్మా. నేనే మెల్లగా చెప్పుకుంటాను" అన్నాడు. వదిన సరేనంది. ఆ మాట ఆమెకు ఇంకా చెవిలో ఉంది.

వైర్లు, మిషన్లు చూసే అతన్ని అందరూ మేస్త్రీ అంటారు. ఏది చెడినా గోడ కట్టేవాడిలా అటూ ఇటూ కొలిచి చూసిగాని చెయ్యి పెట్టడు మరి. అతను రిపోర్టులన్నీ కొత్త మిషన్లోకి ఎక్కించి, "వదినగారూ, పాతదాన్ని తుడిచాకే పాతసామాన్ల వాడికివ్వండి. ఈ మీట నొక్కితే అదే తుడుచుకుంటుంది. పూట పడుతుంది" అని చెప్పి కొత్తచోటికి వెళ్లాడు.

వదిన మీట నొక్కింది. కింద వ్యాను హారన్ కొడుతోంది. గది ఊడుస్తున్న పిన్నితో, "పిన్నీ, ఇది తుడవడం పూర్తయ్యేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు" అని చెప్పి దిగిపోయింది. పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. శుభ్రం విషయంలో ఆమె మాట మరిదైనా వినాల్సిందే.

మధ్యాహ్నం పాతసామాన్ల బండి వచ్చింది. వదిన కిందినుంచే కేకేసింది. "పిన్నీ, తుడవడం అయిందా?"

"ఎప్పుడో అయింది అమ్మాయ్! అద్దంలా ఉంది!"

పెట్టె బండెక్కింది.

సాయంత్రం కొత్త గదిలో అందరూ టీ తాగుతున్నారు. పిన్ని నడుం పట్టుకుని నిట్టూర్చింది. "ఆ పెట్టె వెనకాల ఎంత దుమ్ముందే తల్లీ! తడిగుడ్డ పెడితే షాకు కొడుతుందని ముందు వైరు పీకేసి మరీ తుడిచాను."

మేస్త్రీ గ్లాసు నోటిదగ్గరే ఆగిపోయింది. "వైరు ఎప్పుడు పీకావు?"

"వదిన అలా దిగింది, నేనిలా పీకాను."

వదినకు పైప్రాణాలు పైనే పోయాయి. అంటే లోపలున్నది లోపలే ఉంది. బస్సు డ్రైవరు కాగితం, పక్కింటి టీచరమ్మ కాగితం, అందరివీ బండెక్కి బజారున పడ్డాయి. "తుడవడమంటే గుడ్డతో కాదు పిన్నీ!" అనబోయి ఆగింది. చేతిలో గుడ్డ ఉన్న మనిషికి తుడవమని చెప్పింది తనే.

పాతసామాన్ల కొట్టుకి వెళ్దామంటూ మేస్త్రీ స్కూటరు తీశాడు. వదిన వెనకెక్కి కూర్చుంది. ఎర్రలైటు పడ్డ ప్రతిసారీ వదిన తనకు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచింది.

కొట్టు ముందు ఇనుము, అట్టలు, విరిగిన కుర్చీలు. వాటిలో తమ పెట్టె లేదు. వదిన అట్టలు ఎత్తి కింద కూడా వెతికింది. మధ్యాహ్నం వచ్చిన కంప్యూటరు ఏదని మేస్త్రీ అడిగాడు.

కొట్టాయన వాళ్లను ఎగాదిగా చూశాడు. "తళతళ మెరిసేదేనా? అది లోపల తాళం వేసి పెట్టాను. అంత శుభ్రమైన వస్తువు ఎవరైనా పారేస్తారా? మావాడు దొంగసొత్తేదో మోసుకొచ్చాడని హడలిపోయాను. స్విచ్చు కూడా ముట్టలేదు. మీదేనని నమ్మకమేంటి?"

"వెనక ఒక స్క్రూ ఉండదు. దాని బదులు రబ్బరు బ్యాండు ఉంటుంది" అన్నాడు మేస్త్రీ.

కొట్టాయన లోపలికెళ్లి చూసొచ్చాడు. "ఉంది. ఎవడయ్యా ఆ దిక్కుమాలిన పని చేసింది?"

"నేనే" అన్నాడు మేస్త్రీ ఛాతీ విరుచుకుని. ఆ పనికి అంత గర్వపడిన రోజు అతని జీవితంలో ఇంకొకటి లేదు.

వదినకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. విరిగిన కుర్చీ మీదే కూలబడింది.

పెట్టెతో కొత్త గదికి తిరిగొచ్చాక మేస్త్రీ దాన్ని తెరిచి చూశాడు. పొద్దున పిన్ని వైరు పీకిన తర్వాత ఎవరూ దాన్ని వెయ్యలేదు. మళ్లీ మీట నొక్కాడు. ఈసారి వదిన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మరిది ఇంటికి రమ్మన్నా కదల్లేదు. "నువ్వెళ్లి తిని పడుకో నాయనా. ఇది ఖాళీ అయితేగాని నాకు ముద్ద దిగదు."

పిన్ని గుమ్మం దగ్గర నిలబడింది. "నన్ను తిట్టవేం అమ్మాయ్?"

"మాట నాది, గుడ్డ నీది. ఎవర్ని తిట్టను? నువ్వు అంత బాగా తుడవకపోతే ఆ కొట్టాయన దాన్ని అట్టల్లో పారేసేవాడే. రా, కూర్చో."

పిన్ని పక్కనే కూర్చుంది. తెరమీద ఎంత తుడిచిందో చూపే గీత నత్తలా పాకుతోంది. కాసేపు చూసి, "దీనికంటే నేనే నయం, చిటికెలో తుడిచాను" అంది.

వదిన పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుట్నుంచి ఏమీ తినలేదని.